నీళ్ల ట్యాంకరు వకీలు

అల్ షహానియాలోని ఒంటెల దొడ్లకు వారానికి మూడుసార్లు తాగునీళ్లు తెచ్చే ట్యాంకరు డ్రైవరును అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. లింబాద్రికి అందులో వింతేమీ కనిపించలేదు. నిజామాబాద్ వైపు లారీ క్లీనర్లు డ్రైవరును ఉస్తాద్ అనే అంటారు. ఈయన లారీ అంత బండి నడుపుతున్నాడు, కాబట్టి ఈయనా ఉస్తాదే. సూడాన్ దేశంలో చదువుకున్న పెద్దమనిషిని, అందులోనూ వకీలును, ఆ మాటతో పిలుస్తారని తెలియడానికి లింబాద్రికి రెండేళ్లు పట్టింది. తెలిశాక కూడా నమ్మబుద్ధి కాలేదు. వకీలన్నాక నల్లకోటు వేసుకుని కార్లో తిరగాలి గానీ, మోకాళ్లదాకా తడిసిన బట్టలతో గొట్టం పట్టుకుని నిలబడతాడా?

ఆయన పేరు బాబికర్ ఇద్రీస్. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. తెల్లటి తలపాగా, ఒక పుల్ల విరిగితే దారంతో కట్టుకున్న కళ్లద్దాలు. ట్యాంకరును వెనక్కి తీయాలంటే ఆయనకు చెమటలు పట్టేవి. మొదటి ఏడాదిలోనే ఇజ్బా కంచెను రెండుసార్లు కూల్చాడు. ఇజ్బా అంటే ఒంటెల దొడ్డి. రెండుసార్లూ గుంజలు పాతి కంచెను నిలబెట్టినవాడు లింబాద్రే. వాళ్ల స్నేహం ఆ గుంజల దగ్గరే మొదలైంది.

లింబాద్రిది భీంగల్ పక్కన ఒక ఊరు. పుట్టుక కురుమల ఇంట్లో, పెరిగింది గొర్రెల మంద వెంట. 1992లో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఖతర్ వచ్చాడు. ఊళ్ళోవాళ్లకు మాత్రం అతను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. గొర్రెలు కాసినవాడికి ఒంటెలు ఒక లెక్కా అని వచ్చాడు గానీ, మొదటి వారంలోనే ఒక ఒంటె అతని తలపాగా నమిలేసింది. అప్పటినుంచి వాటిని గౌరవించడం నేర్చుకున్నాడు. తర్వాత ప్రేమించడం కూడా నేర్చుకున్నాడు.

నెలకో శుక్రవారం దొడ్డి బండిలో దోహా వెళ్లి, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఉండే హమీదుద్దీన్‌ను కలిసేవాడు. హమీదుద్దీన్‌ది కోరుట్ల. అరబ్బీ అర్జీలు టైపు చేసే దుకాణంలో పని. సెలవురోజుల్లో బాబికర్ ఉండే గది కూడా అతనిదే, ఇద్దరూ పంచుకునేవారు. ట్యాంకరాయన సంగతి బయటపెట్టింది అతనే.

“అరె లింబన్నా, ఆయనను ఉత్త డ్రైవరనుకుంటున్నవా? ఆల్ల దేశంల ఆయన పెద్ద వకీలు. పార్టీ లీడరు భీ. ఎర్రజెండా పార్టీ.”

“మరి గంత పెద్దమనిషి గీడ నీళ్లెందుకు మోస్తుండు?”

“పానం మిగలాలంటే ఏదో ఒకటి మొయ్యాలె గద,” అన్నాడు హమీదుద్దీన్.

హమీదుద్దీన్ చెప్పిందీ, తర్వాత ఆయనే నీళ్లు నిండేలోగా లింబాద్రికి అర్థమయ్యే తేలిక అరబ్బీలో ముక్కలు ముక్కలుగా చెప్పిందీ కలిపితే ఆయన కథ ఇది. బాబికర్ పుట్టింది కొర్దొఫాన్ అనే బయలు ప్రాంతంలో, ఒంటెలు కాచేవాళ్ల ఇంట్లో. వృత్తి లెక్కన చూస్తే లింబాద్రికి దగ్గరి చుట్టమే. ఒక కరువులో తండ్రి మందలో సగం పోయింది. మిగిలిన సగానికి ఇంతమంది కొడుకులు అక్కర్లేదని, ఆఖరివాణ్ణి బడికి పంపేశాడు. అలా ఆ అక్కర్లేని కొడుకే వంశంలో మొదటి చదువరి అయ్యాడు. ఖార్తూంలో లా చదివి, రైల్వే కార్ఖానాలున్న అత్బరా ఊళ్ళో బోర్డు కట్టాడు.

మొదటి కేసు రైలింజనులో బొగ్గు వేసే కూలీది. కంపెనీ బొగ్గు ఇంటికి మోసుకెళ్లి వండుకుంటున్నాడని అతని మీద నేరం. బాబికర్ వాదన ఏమీ మొదలుపెట్టకుండా, ఆ కూలీ ఇంటి పొయ్యిలోంచి ఎత్తి తెచ్చిన బూడిదను జడ్జిగారి బల్లమీద పోశాడు. అది కట్టెల బూడిద. కేసు గెలిచాడు, బల్ల తుడవాల్సి వచ్చిన బంట్రోతు చేత తిట్లూ తిన్నాడు. అప్పటినుంచి రైల్వే కూలీలు ఆయన్ను వదల్లేదు. ఫీజు కింద ఉల్లిగడ్డలు తెచ్చేవారు, గుడ్లు తెచ్చేవారు. ఒకాయన తెచ్చిన కోడిపుంజు జడ్జి తీర్పు చదువుతుండగా కోర్టు హాల్లో కూసిందట.

గెలిచినవాళ్లే మళ్లీ మళ్లీ అవే కష్టాలతో గుమ్మంలో నిలబడుతుంటే ఆయనకు విసుగెత్తింది. ఒక్కొక్కణ్ణి విడిపిస్తూ కూర్చుంటే తన జన్మ సరిపోదనుకుని కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడిపోయాడు. మళ్లీ నిలబడ్డాడు, మళ్లీ ఓడిపోయాడు. రెండోసారి తనను ఓడించినవాడి తమ్ముడు ఏదో కేసులో ఇరుక్కుంటే, తానే వాదించి బయటపడేశాడు. ఇంత మంచితనం రాజకీయాలకు పనికిరాదని ఆయన భార్య ఖదీజా అనేదట. ఆమె బడిపంతులమ్మ, తప్పు కనిపిస్తే ఊరుకోదు.

1989లో సైన్యం గద్దెనెక్కింది. పార్టీలు రద్దయ్యాయి. విచారణ అన్నది లేకుండా బాబికర్‌ను పద్నాలుగు నెలలు జైల్లో ఉంచారు. ఊరందరి కేసులు వాదించినవాడికి తన కేసు వాదించుకునే వీలు లేకపోయింది. బయటికి వచ్చేసరికి లైసెన్సు పోయింది. ఓడెక్కి జెద్దా చేరి, అక్కణ్ణుంచి మేనబావ సంపాదించిన డ్రైవరు వీసా మీద ఖతర్ వచ్చాడు. అప్పటిదాకా ఆయన నడిపిన పెద్ద బండి సైకిలు.

ఇక్కడికి వచ్చాక ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. నలుగురున్న చోట నోరు విప్పడు. పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. రెన్యువల్‌కు ఎంబసీకి వెళితే ఏ కంట్లో పడతాడోనని వెళ్లలేదు. ఆయనకూ లింబాద్రికీ కఫీల్, అంటే వీసా ఇచ్చి పూచీ పడే ఆసామి, ఒక్కడే, ఆ ఇజ్బా యజమాని బూ సాలిం. ఆయనకు కోపం వచ్చి పొమ్మంటే బాబికర్ విమానం ఎక్కాల్సిందే. అది దిగేది ఖార్తూంలో. అందుకే ఆ ముప్పై దొడ్ల మధ్య ఇంతటి మాటకారి మూగవాడిలా తిరిగేవాడు.

1996 రంజాన్ నెలలో లింబాద్రికి ఊరినుంచి ఉత్తరం వచ్చింది. మార్చి రెండో వారంలో అతను సెలవు మీద ఇంటికి వెళ్లాలి. నాలుగేళ్ల తర్వాత మొదటి సెలవు. అతను బయల్దేరినప్పుడు కడుపులో ఉన్న బిడ్డకు ఇప్పుడు మూడేళ్లు దాటాయి. పేరు అమ్ము. భార్య గంగామణి ఉత్తరంలో రాసింది, పిల్లకు కడుపు ఉబ్బి తిండి సయించడం లేదని, మీ పెదనాయన వాత పెడదామంటున్నాడని, నువ్వు వచ్చాక పెట్టిద్దామని ఆపానని. లింబాద్రికి అది సబబుగానే తోచింది. పసితనంలో అతనికీ కడుపు ఉబ్బితే తాత కొడవలి కాల్చి బొడ్డు పక్కన వాత పెట్టాడు. రెండు నిలువు గీతలు, వాటి కింద నెలవంక లాంటి వంపు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, తానూ బతికే ఉన్నాడు. ఇంకేం కావాలి?

బూ సాలిం పండగకు పది రోజుల ముందే కొడుకులతో సహా మక్కాకు వెళ్లాడు. ఆయన అటు వెళ్లాక పండగ ముందురోజున రీమా కుంటడం మొదలుపెట్టింది. రీమా ఆ దొడ్డిలోకెల్లా మంచి పందెపు ఒంటె, బూ సాలిం ప్రాణం. ఎడమ తొడ వాచింది, కాలు కింద పెట్టలేకపోతోంది. ఇజ్బాలో ఫోను లేదు. పశువుల డాక్టరు పండగ సెలవులో ఉన్నాడు. బాబికర్ కూడా పండగకని దోహాలో హమీదుద్దీన్ గదికి వెళ్లాడు. ఒంటె మూలుగు వినలేక లింబాద్రికి ఏడుపొచ్చింది. చివరికి తాత చేసిందే చేశాడు. గడ్డి కోసే కొడవలి కొసను ఎర్రగా కాల్చి, వాపు మీద రెండు నిలువు గీతలు, కింద ఒక వంపు వాత పెట్టాడు. పైన నూనెలో కలిపిన పసుపు పూశాడు. వారం తిరిగేసరికి రీమా నడిచింది. పది రోజులకు పరిగెత్తింది. తన చేతి చలవకు లింబాద్రి తనలో తానే మురిసిపోయాడు.

ఆ మురిపెం బూ సాలిం తిరిగి వచ్చేదాకే. ఒంటెను చూసి ఆయన ముఖం మాడిపోయింది. రెండు నిలువు గీతలు, కింద నెలవంక, ఎడమ తొడ మీద. అది పొరుగు ఇజ్బా ఆసామి వంశం గుర్తు. ఎడారి జనం తమ ఒంటెలకు కాల్చిన ఇనుముతో గుర్తు వేస్తారు. దాన్ని వసమ్ అంటారు. ఆ గుర్తు ఎవరిదైతే ఒంటె వాళ్లదే. ఒకడి ఒంటె మీద ఇంకొకడి వసమ్ వేయడం అంటే పట్టపగలు దొంగతనం. పొరుగాయనకూ బూ సాలింకూ పందేల్లో ఏళ్ల తరబడి పోటీ ఉండనే ఉంది.

లింబాద్రి ఊళ్ళో గొర్రెకు గుర్తు పెట్టాలంటే చెవి కోస్తారు, లేదా రంగు పూస్తారు. వాత అనేది రోగానికే. నాలుగేళ్లుగా పొరుగు ఒంటెల తొడల మీద ఆ మచ్చలు రోజూ చూస్తూనే ఉన్నాడు. పాపం వాటికి కూడా ఎప్పుడో కాళ్లవాపు వచ్చి ఉంటుందనుకున్నాడు. ఇదంతా వచ్చీరాని అరబ్బీలో చెప్పబోయాడు. బూ సాలిం వినలేదు. తన ఒంటెను పొరుగువాడికి అమ్ముకున్నావని అన్నాడు. ఆ మాట పొరుగాయన చెవిన పడింది. నన్ను దొంగంటారా అని ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, రెండు వంశాల పాతకక్ష మొత్తం లింబాద్రి నెత్తిన పడింది. మర్నాడు మధ్యాహ్నం నమాజు తర్వాత పెద్దలు బూ సాలిం మజ్లిస్‌లో, అంటే ఆయన చావడిలో, కూర్చుంటారు. ఆ తర్వాత పోలీసులకు అప్పగిస్తారు. సెలవు పోయింది, ఇక మిగిలింది జైలే అనుకున్నాడు లింబాద్రి. అమ్మును చూడకుండానే ఇంకెన్నేళ్లు గడిచిపోతాయో.

మర్నాడు పొద్దున పది గంటలకు బాబికర్ ట్యాంకరు వచ్చింది. తొట్టిలో గొట్టం పెట్టి ఆయన లింబాద్రి ముఖం చూశాడు. సంగతంతా విన్నాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. దేనితో కాల్చావు, ఏ చేత్తో గీశావు, పైన ఏం పూశావు, ఎవరు చూశారు, ఆ ఆకారమే ఎందుకు గీశావు? తొట్టి పొర్లిపోతున్నా ఆయనకు పట్టలేదు. ఆఖరి ప్రశ్నకు లింబాద్రి చొక్కా ఎత్తి తన కడుపు చూపించాడు. బాబికర్ వంగి, కళ్లద్దాలు సర్దుకుని ఆ మచ్చను చూశాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. లింబాద్రి ఆయన అలా నవ్వగా చూడడం అదే మొదటిసారి. నవ్వు ఆగాక నీళ్లు కట్టేసి, మధ్యాహ్నం తాను వస్తానన్నాడు.

లింబాద్రికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. వెంటనే నలుగురిలో నోరు విప్పనన్న ఆయన నియమం గుర్తొచ్చి మళ్లీ కుంగిపోయింది.

“నువ్వు రాకు ఉస్తాద్,” అన్నాడు. “నా గతి ఏమైతే గదైతది. నీ సంగతి తెలిస్తే నిన్ను ఇమానం ఎక్కిస్తరు.”

అది మర్యాదకు అన్న మాట కాదు. పదేళ్ల కింద ఊళ్ళో జలంధర్ అనే కుర్రాడు కూలి రేట్ల సంఘంలో తిరిగేవాడు. దొర గడ్డివామి తగలబెట్టాడని పోలీసులు అతన్ని పట్టుకున్నారు. ఆ సాయంత్రమంతా జలంధర్ గొర్లమంద దగ్గర తనతోనే ఉన్నాడని లింబాద్రికి తెలుసు. చెబితే తననూ సంఘపోడంటారని భయపడి నోరు మెదపలేదు. జలంధర్ రెండేళ్లు జైల్లో ఉండి వచ్చాడు. ఎవరికీ చెప్పని ఆ మాట లింబాద్రి ఆ తొట్టి పక్కన చెప్పేశాడు. తాను ఒకరికి సాక్ష్యం చెప్పలేదు, తనకు ఇంకొకరు చెప్పాలని అడిగే ముఖం తనకు లేదన్నాడు.

బాబికర్ గొట్టం చుట్టి బండికి తగిలించాడు.

“నువ్వు ఒక్క సాయంత్రం భయపడ్డావు,” అన్నాడు చివరికి. “నేను నాలుగేళ్లుగా భయపడుతున్నాను. ఇద్దరం కలిసి పడ్డ భయం చాలు.”

మధ్యాహ్నం మజ్లిస్‌లో ఒక పక్క బూ సాలిం, ఎదురుగా పొరుగాయన, మధ్యలో నలుగురు పెద్దలు కూర్చున్నారు. లింబాద్రిని గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబెట్టారు. బాబికర్ ఉతికిన తలపాగా చుట్టుకుని వచ్చి, సలాం చెప్పి, అందరికంటే చివర కూర్చున్నాడు. నీళ్ల డ్రైవరు ఎందుకొచ్చాడని ఎవరూ అడగలేదు. గడప దాటినవాడు అతిథి, అతిథికి ముందు కాఫీ. చిన్న గిన్నెలో కాఫీ పోసి ఇచ్చారు. ఆయన దాన్ని తాగకుండా తన ముందు చాప మీద పెట్టాడు.

అందరి చూపూ ఆ గిన్నె మీద పడింది. అక్కడి ఆచారం లింబాద్రికి కూడా తెలుసు. గిన్నె తాగకుండా కింద పెట్టినవాడికి ఒక కోరిక ఉందని అర్థం. ఇంటాయన దాన్ని తీరుస్తానంటేనే తాగుతాడు. అది తీర్చక, అతిథి కాఫీ తాగకుండా వెళ్లిపోతే ఆ ఇంటికే మచ్చ.

బూ సాలిం ముఖం చిట్లించి, ఈ ఇండియావాణ్ణి క్షమించమంటావా అన్నాడు. బాబికర్ తల అడ్డంగా ఊపాడు. క్షమించమని అడగడం లేదు, తీర్పు చెప్పేముందు ఒంటెనూ, పొరుగాయన ఇంట్లో వసమ్ వేసే ఇనుమునూ ఇక్కడికి తెప్పించమని మాత్రం అడుగుతున్నానన్నాడు. అది కాదనడానికి ఎవరికీ కారణం దొరకలేదు.

రీమాను గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. ఇనుము వచ్చింది. బాబికర్ దాన్ని మచ్చ మీద పెట్టి చూపించాడు. మచ్చ ఇనుము కంటే రెండు వేళ్లు పెద్దది. ఇనుముతో వేసిన గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే మందం ఉంటుంది, ఇది లావుగా మొదలై సన్నగా ముగిసింది, అంటే కొడవలి కొసతో గీసినది. తర్వాత పెద్దల్లో ముసలాయన్ను దగ్గరికి పిలిచి, ఒంటె వెంట్రుకల కుదుళ్లలో మిగిలిన పచ్చని రంగును వేలితో రుద్ది చూపించాడు. పసుపు. దొంగిలించే ఒంటెకు ఎవరైనా పసుపు పూసి వైద్యం చేస్తారా అని అడిగాడు. ఆయన గొంతు పెంచలేదు. ఒక్కో మాటా చేత్తో పట్టుకోవచ్చన్నంత స్పష్టంగా ఉంది. ట్యాంకరు వెనక్కి తీయడానికి చెమటలు పట్టే మనిషి ఇతనేనా అని లింబాద్రి నోరు తెరుచుకుని చూశాడు.

మరి సరిగ్గా మా గుర్తే ఎందుకు గీశాడని పొరుగాయన అడ్డు తగిలాడు.

బాబికర్ ఆ ప్రశ్న కోసమే ఆగినట్టున్నాడు. లింబాద్రిని లోపలికి పిలిచి చొక్కా ఎత్తమన్నాడు. లింబాద్రి సిగ్గుతో తల వంచుకుని ఎత్తాడు. బొడ్డు పక్కన రెండు నిలువు గీతలు, కింద నెలవంక. ముప్పై ఏళ్ల కిందటి మచ్చ.

“ఇతని తాత వేసిన వాత ఇది,” అన్నాడు బాబికర్. “వాళ్ల ఊళ్ళో వాత రోగానికే పెడతారు, ఆస్తికి కాదు. ఈ గుర్తున్నదల్లా మీదేనంటే ఈ మనిషి కూడా మీవాడే. అయితే ఇకమీదట ఇతనికి తిండి మీరే పెట్టండి.”

అందరికంటే ముందు నవ్వింది పొరుగాయనే. తర్వాత పెద్దలు నవ్వారు. మందుల్లో ఆఖరిది వాత అని మనవాళ్లే అనలేదా అంటూ ముసలాయన తన దుస్తుల చేయి పైకి లాగి, మోచేతి దగ్గర పాత మచ్చ చూపించాడు. చిన్నప్పుడు తల్లి పెట్టిందట. ఆ మజ్లిస్‌లో ఒంటి మీద వాత లేనివాడు లేడని తేలింది. లింబాద్రికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. చొక్కా దించుకుని, మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పుల పక్కన కూర్చున్నాడు. తాను విడుదలయ్యాడని ఆ నవ్వులే చెప్పాయి.

బూ సాలిం మాత్రం నవ్వలేదు. బాబికర్‌నే చూస్తున్నాడు.

“నువ్వెవరు?” అన్నాడు.

“మీ నీళ్ల డ్రైవర్ని.”

“నీళ్ల డ్రైవర్లు ఇలా మాట్లాడరు.”

 ఏదో ఒకటి చెప్పి తప్పించుకో ఉస్తాద్, అని లింబాద్రి మనసులో మొక్కుకున్నాడు. బాబికర్ కళ్లద్దాలు తీసి తలపాగా కొసతో తుడుచుకున్నాడు. అత్బరాలో వకీలునని చెప్పాడు. కమ్యూనిస్టు పార్టీ తరఫున రెండుసార్లు పోటీ చేసి ఓడిపోయానని, జైల్లో ఉన్నానని, ఇప్పుడు తన పాస్‌పోర్టు చెల్లదని, పంపేస్తే ఎక్కడికి వెళ్లాల్సి ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసని చెప్పాడు. అడిగారు కాబట్టి అబద్ధం చెప్పలేదన్నాడు.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.  నమాజు చేస్తావా అని బూ సాలిం అడిగాడు. చేస్తానన్నాడు. ఆ పార్టీ ఏం కోరేదని అడిగాడు. బాబికర్ కాస్త ఆలోచించాడు. ఆయన ఒకప్పుడు ఈ ప్రశ్నకు రెండు గంటలు జవాబు చెప్పగలవాడు.

“బావి ఎవరిదైనా, దాహమైన వాళ్లందరికీ నీళ్లు అందాలని,” అన్నాడు.

బూ సాలిం గడ్డం నిమురుకున్నాడు. “నా దగ్గర నువ్వు ఇన్నేళ్లుగా చేస్తున్న పని అదే కదా,” అన్నాడు. తర్వాత చాప మీద చల్లారిపోయిన గిన్నెను చూసి, దాన్ని పారబోసి వేడిగా పోయమన్నాడు. తన చేత్తోనే అందించాడు. “తాగు. అడిగింది ఇచ్చాను. అడగనిది కూడా ఇచ్చాను.”

బాబికర్ రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు.  అడుగుదాకా తాగాడు. గుమ్మం దగ్గర లింబాద్రి ఇక ఆపుకోలేక ఏడ్చేశాడు. తన కోసం ఎంత ఏడ్చాడో, ఆయన కోసం ఎంత ఏడ్చాడో అతనికే తెలియదు.

మజ్లిస్ జరిగిన పదకొండో రోజున బాబికర్ ఖాళీ ట్యాంకరులోనే అతన్ని విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. దారిలో లింబాద్రి వకీలుకు ఫీజు ఇవ్వకుండా పోతే పాపమన్నాడు. ఉల్లిగడ్డలా, గుడ్లా, కోడిపుంజా, ఏం కావాలో చెప్పమన్నాడు. బాబికర్ నవ్వలేదు. బండి పక్కకు ఆపాడు.

“మా తండ్రి మాలో ఐదుగురికి వాతలు పెట్టాడు,” అన్నాడు. “ముగ్గురం బతికాం. బతికిన మచ్చలే చూస్తాం మనం. పోయినవాళ్లు చొక్కా ఎత్తి చూపించరు కదా. నీ బిడ్డకు వాత పెట్టనియ్యకు. డాక్టరుకు చూపించు. అదే నా ఫీజు.”

 లింబాద్రి తలూపాడు. ఆ ఫీజు ఎంత బరువైనదో ఊరు చేరాక తెలిసింది. పెదనాయన కొడవలి నూరి సిద్ధంగా ఉంచాడు. వద్దంటే ఇంట్లో పెద్ద రగడ అయింది. దుబాయ్ పోయొచ్చినంక మనోనికి కొమ్ములు మొలిచినయని పెదనాయన నాలుగిళ్లకు వినబడేలా అన్నాడు. లింబాద్రి కడుపు మీద మచ్చ చూపించి, నువ్వు బతకలేదా అని నిలదీశాడు. ఒకప్పుడైతే లింబాద్రి పెద్దవాళ్ల ముందు నోరు మెదిపేవాడు కాదు. ఈసారి మెదిపాడు. తెల్లారి అమ్మును భుజానేసుకుని నిజామాబాద్ ఆస్పత్రికి వెళ్లాడు. కడుపులో పురుగులన్నాడు డాక్టరు. మందిచ్చాడు. పదిహేను రోజులకు పిల్ల అన్నం అడిగి తిన్నది. కొత్త మనిషని దూరంగా తిరిగేది కాస్తా, నెల తిరిగేసరికి నాన్న మీసం పట్టుకుని లాగింది.

జూన్‌లో లింబాద్రి తిరిగి ఇజ్బాకు వచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మర్నాడు పొద్దున ట్యాంకరు వచ్చింది. ఈ మధ్యలో ఆయన దగ్గరికి కొత్త పని వచ్చి చేరింది. చుట్టుపక్కల దొడ్ల పనివాళ్లు తమ కాగితాలు పట్టుకుని నీళ్ల వేళకు తొట్టి దగ్గర కాచుకుంటున్నారు. ఆయన నీళ్లు పడుతూ చదివి చెబుతున్నాడు, ఇప్పుడు గొంతు దించకుండానే. ఆ నలుగురి తలల మీదుగా లింబాద్రిని చూసి, చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని, ఏమైందన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

“మాఫీ, ఉస్తాద్,” అన్నాడు లింబాద్రి, ఏమీ లేదని అరబ్బీలో. “ఒక్క గీత గూడ లేదు.”

బాబికర్ ఆకాశం వైపు చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. ఫీజు ముట్టిందన్నాడు. ఆ సంతోషంలో వెనక ఏముందో చూసుకోకుండా ట్యాంకరు వెనక్కి తీసి, కంచెను మూడోసారి కూల్చాడు. లింబాద్రి గడ్డపార తెచ్చుకుని, నవ్వుకుంటూ గుంజ పాతడం మొదలుపెట్టాడు.